బొటనవేలు వంకరకు చిన్న రంధ్రాల ఆపరేషన్: ఎవరికి సరిపోతుంది?

ప్రశ్న: నా వయసు 46. టీచర్‌ని, రోజంతా నిలబడే ఉంటాను. కొన్నేళ్లుగా రెండు కాళ్ల బొటనవేళ్లూ పక్క వేళ్ల మీదికి వాలిపోతున్నాయి. కుడి కాలికి మరీ ఎక్కువ. వేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చి, బూట్లు వేసుకుంటే ఎర్రబడి మండుతోంది. ఈ మధ్య పక్క వేలు కూడా ముడుచుకుని పైకి లేస్తోంది. దాని కింద అరికాల్లో ఆనెకాయ కట్టింది. ఒక డాక్టరుగారు చిన్న రంధ్రాలతో చేసేస్తాం, అదే రోజు నడిచి వెళ్లిపోవచ్చు అన్నారు. ఇంకొకరు మామూలుగా కోసి చేయడమే నయం అన్నారు. నాకు షుగర్ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. ఎవరి మాట వినాలి? రెండు కాళ్లూ ఒకేసారి చేయించుకోవచ్చా? మళ్లీ వంకర వస్తుందా? మా అమ్మాయికి 14 ఏళ్లు, తనకీ ఇదే మొదలైనట్టుంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడాల్సిన జబ్బు కాదమ్మా ఇది. తొందరపడి నిర్ణయం తీసుకోవాల్సినదీ కాదు. ఆ ఇద్దరు డాక్టర్లలో ఎవరూ మీకు తప్పు చెప్పలేదు. మీరు రాసినదాన్ని బట్టి మీ కుడి పాదానికి రెండు పద్ధతులూ పనికి రావచ్చు. కానీ రంధ్రం చిన్నది కాబట్టి ఆపరేషన్ కూడా చిన్నదే అనుకుని మాత్రం ఒప్పుకోకండి. చర్మం మీద గాటు ఎంత చిన్నదైనా లోపల ఎముకను రెండుగా కోయాల్సిందే, జరపాల్సిందే, చాలావరకు స్క్రూలతో బిగించాల్సిందే. అది అతుక్కోవడానికి పట్టే వారాలు కూడా రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు ఒకటే.

ముందు మీ పాదంలో ఏం జరిగిందో చెబుతాను. దీన్ని హాలక్స్ వాల్గస్ అంటారు, వాడుకలో బునియన్. పైకి కనిపించే బుడిపె కొత్తగా పెరిగిన ఎముక అని చాలామంది అనుకుంటారు, దాన్ని చెక్కేయమని అడుగుతారు. నిజానికి అది మీ ఎముకే. బొటనవేలి వెనకాల పాదంలో ఉండే పొడవాటి ఎముక, మొదటి మెటాటార్సల్, లోపలి వైపుకి, అంటే రెండో పాదం వైపుకి జరిగింది. వేలేమో దానికి ఎదురు దిక్కున పక్క వేళ్ల వైపు వాలింది. ఆ రెండూ కలిసే కీలు దగ్గర ఎముక తల బయటికి పొడుచుకొచ్చింది. గోడ ఒరిగితే, బయటికి వచ్చిన చోట చెక్కేసి సున్నం కొడితే సరిపోతుందా? ఇదీ అంతే. బుడిపె ఒక్కటే అరగదీస్తే వేలు వంకరగానే ఉంటుంది, కొన్నాళ్లకు మళ్లీ పొడుచుకొస్తుంది. అందుకే ఏ పద్ధతిలో చేసినా ఎముకను కోసి దాని దారిలోకి తీసుకురావాలి.

వంకర ఎంత ఉందో తేల్చేది ఎక్స్‌రే. అదీ మీరు పాదం మీద బరువు వేసి నిలబడి ఉండగా తీసినది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంకర తక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఆపరేషన్ ఖాయం చేయకూడదు. నిలబడి తీసిన దాంట్లో రెండు కోణాలు కొలుస్తాం. వేలికీ దాని వెనక మెటాటార్సల్‌కీ మధ్య కోణం మామూలుగా 15 డిగ్రీల లోపు ఉండాలి. మొదటి, రెండో మెటాటార్సల్స్ మధ్య కోణం 9 డిగ్రీల లోపు ఉండాలి. వేలి కోణం 40 దాటితే తీవ్రమైన వంకర అంటాం. మీ ఇద్దరు డాక్టర్లూ ఈ అంకెలు కొలిచారో లేదో మీ ఉత్తరంలో లేదు. మళ్లీ వెళ్లినప్పుడు మొట్టమొదట అడగాల్సింది అదే.

ఇక అసలు మీకు ఆపరేషన్ కావాలా? నొప్పి లేకుండా కేవలం చూడ్డానికి బాగాలేదని అయితే వద్దంటాను. మీ విషయం వేరు. నొప్పి ఉంది, పక్క వేలు చెడిపోవడం మొదలైంది, అరికాల్లో ఆనెకాయ కట్టింది. అంటే బొటనవేలు మోయాల్సిన బరువు పక్క ఎముక మీద పడుతోంది. అయినా సరే, ఇప్పటిదాకా చేయకపోతే ఒక పని చేసి చూడండి. ఒక కాగితం మీద నిలబడి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీయించుకోండి. మీ బూటును ఆ గీత మీద పెట్టండి. బూటు ముందు భాగం గీత కన్నా సన్నగా ఉంటే, మీ వేళ్లు రోజంతా ఆ ఇరుకులో నలుగుతున్నట్టే. ముందు వెడల్పుగా, పై భాగం మెత్తగా, మడమ ఎత్తు తక్కువగా ఉన్నవి ఓ మూడు నెలలు వాడి చూడండి. చాలామందికి నొప్పి అక్కడే సగం తగ్గుతుంది. వేళ్ల మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్కలు రాపిడి తగ్గిస్తాయి, వాడుకోవచ్చు. కానీ పెద్దవాళ్లలో అవిగానీ, రాత్రిపూట కట్టుకునే పట్టీలుగానీ ఎముకను తిన్నగా చేయలేవు. అలా అవుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

మీరు ఆపరేషన్ వైపే మొగ్గితే, ఈ చిన్న రంధ్రాల పద్ధతిలో ఏం చేస్తారో కళ్లకు కట్టినట్టు తెలియడం మంచిది. మోకాలి ఆపరేషన్లలో లాగా లోపలికి కెమెరా పెట్టరు. పాదానికి సరిపడా మత్తు చాలు, చీలమండ దగ్గర నరాల చుట్టూ ఇంజెక్షన్లు ఇచ్చి తిమ్మిరెక్కిస్తారు. పాదం పక్కన మూడు, నాలుగు చోట్ల 3 నుంచి 5 మిల్లీమీటర్ల గాట్లు పెడతారు. అందులోంచి బర్ అనే సన్నటి పరికరం లోపలికి వెళుతుంది. సుమారు 2 మిల్లీమీటర్ల మందం, చుట్టూ పదునైన గాడులు. సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూపిస్తుంటే, సర్జన్ చేతి స్పర్శనీ ఆ బొమ్మనీ కలుపుకుని ఎముకను కోస్తారు. బర్ నెమ్మదిగా, గట్టి పట్టుతో తిరగాలి. వేగంగా తిరిగితే వేడి పుడుతుంది, ఆ వేడికి ఎముక అంచులు చచ్చిపోతాయి, చర్మం కూడా కాలుతుంది. అందుకే కోస్తున్నంతసేపూ చల్లటి సెలైన్ పోస్తూనే ఉంటారు. ఆ నీళ్లతో పాటు తెల్లటి ముద్దలాగా ఎముక పొడి గాటులోంచి బయటికి వస్తుంది. దాన్ని పూర్తిగా కడిగేయాలి. లోపల మిగిలిపోతే వాపు, గట్టిదనం ఎక్కువవుతాయి.

ఎముక తెగాక దాని తల భాగాన్ని పక్క వేళ్ల వైపు జరుపుతారు. ఒక్కోసారి ఎముక వెడల్పులో సగం కన్నా ఎక్కువ కూడా జరపాల్సి వస్తుంది. తర్వాత వెనక నుంచి ఏటవాలుగా రెండు సన్నటి స్క్రూలు వేస్తారు. వీటిలో ముఖ్యమైనది వెనకది. ఎముక లోపలి గోడలోంచి దూరి, బయటి గోడను చీల్చుకుని, జరిగిన తలలోకి దిగాలి. ఈ మూడు చోట్లా పట్టు దొరికితేనే కదలకుండా ఉంటుంది. ఆఖరున వేలి ఎముకలోంచి ఒక చిన్న త్రికోణపు ముక్క తీసి దాన్ని తిన్నగా చేస్తారు. ఈ చివరి పని 1925లో ఏకిన్ అనే సర్జన్ చెప్పినది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే చూసి చాలామంది హడలిపోతారు. ఎముక తల అంచు మీద వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి. ఆ ఖాళీలో నెలల మీద కొత్త ఎముక నిండుతుంది.

మరి రెండో డాక్టరుగారు ఎందుకు వద్దన్నారు? దానికీ కారణం ఉంది. ఎముకను కోసి వేలిని తిన్నగా చేసే ఆలోచన పాతదే, 1881లోనే రెవెర్డిన్ అనే సర్జన్ చెప్పాడు. గత శతాబ్దం చివర్లో అమెరికాలో ఐషమ్ అనే డాక్టరు దాన్ని రంధ్రంలోంచి బర్‌తో చేయడం మొదలుపెట్టాడు. అందులో స్క్రూ ఉండదు, పైన వేసే కట్టు ఒక్కటే ఆధారం. ఆస్ట్రియాలో బోష్ అనే డాక్టరు ఒక లోహపు తీగతో ఎముకను నిలబెట్టేవాడు. ఆ రోజుల్లో కొందరికి బాగా కుదిరేది, కొందరికి ఎముక జారి వంకరగా అతికేది. తీగ దగ్గర ఇన్‌ఫెక్షన్లు కూడా వచ్చేవి. దాంతో చాలామంది సర్జన్లకు ఈ పద్ధతి మీద నమ్మకం పోయింది. 2010 ప్రాంతంలో వెర్నోయి, రెడ్‌ఫెర్న్ అనే ఇద్దరు సర్జన్లు గట్టి స్క్రూలతో బిగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాక పరిస్థితి మారింది. ఇప్పుడు విరివిగా జరుగుతున్నది ఆ తరం పద్ధతీ, దాన్ని ఇంకా మెరుగు చేసినవీ. కాబట్టి మీ రెండో డాక్టరుగారి జాగ్రత్తకు అర్థం ఉంది. ఆయన చేతికి అలవాటైన పద్ధతి కోసి చేసేది అయితే, మీకు దాంతోనే చేస్తాననడం నిజాయితీ.

చేతి అలవాటు దీనికి చాలా ముఖ్యం. కోసి చేసేటప్పుడు ఎముక కళ్ల ముందు కనిపిస్తుంది. ఇందులో కనిపించదు. కొన్ని పదుల కేసులు చేశాక గానీ సర్జన్‌కు ఆపరేషన్ సమయం, ఎక్స్‌రేల సంఖ్య తగ్గవని ఈ పద్ధతి మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మీ డాక్టరుగారిని సూటిగా, మర్యాదగా అడగండి: "సార్, మీరు ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని చేశారు? స్క్రూలు వేస్తారా, కట్టు మీదే వదిలేస్తారా? మధ్యలో కుదరకపోతే కోసి చేయడానికి సిద్ధంగా ఉంటారా?" అని. అనుభవం ఉన్నవాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

మీ పక్క వేలి సంగతి దీనికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. బర్ ఎముకను కోసేటప్పుడు తన మందం మేర ఎముకను తినేస్తుంది. అంటే మొదటి మెటాటార్సల్ ఓ రెండు, మూడు మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. మీకు ఇప్పటికే రెండో ఎముక కింద ఆనెకాయ ఉంది. మొదటిది ఇంకా పొట్టిదైతే అక్కడ బరువు ఇంకా పెరుగుతుంది. చెయ్యి తిరిగిన సర్జన్ బర్‌ను కాస్త ముందుకు వాల్చి కోసి ఈ పొట్టిదనాన్ని సరిచేస్తారు. అవసరమైతే రెండు, మూడు, నాలుగో మెటాటార్సల్స్‌ను కూడా తలల దగ్గర చిన్న రంధ్రాల్లోంచి కోస్తారు. వీటికి స్క్రూలు ఉండవు. మీరు నడిచేకొద్దీ, నేల తోపుకి ఒక్కో ఎముక తల తనకు తగిన ఎత్తుకు సర్దుకుంటుంది. అందుకే వీటిలో నడక కూడా వైద్యంలో భాగమే. ఒక్కటే కోస్తే బరువు పక్కదాని మీదికి మారుతుందని సాధారణంగా మూడూ కలిపి చేస్తారు. వాపు మాత్రం ఎక్కువ కాలం ఉంటుంది. ముడుచుకున్న వేలికి, చేత్తో లాగితే అది తిన్నగా వస్తుంటే, కింద ఉన్న స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి దాన్ని, చిన్న గాటుతో వదులు చేస్తే చాలు. బిగుసుకుపోయి ఉంటే వేలి ఎముకను కూడా కోయాలి. మీ డాక్టర్లు బొటనవేలి గురించే మాట్లాడి ఈ వేలి ఊసెత్తకపోతే, మీరే ఎత్తండి. ఆ వేలిని వదిలేసి బొటనవేలు ఒక్కటే బాగు చేస్తే మీ నొప్పి సగమే పోతుంది.

చిన్న రంధ్రాలతో మీకు నిజంగా దక్కే లాభాలు ఇవి. మొదటి రోజుల్లో నొప్పి తక్కువ. మచ్చలు దాదాపు కనిపించవు. చుట్టూ ఉన్న కండరాలు, పొరలు తక్కువ నలుగుతాయి కాబట్టి కీలు తొందరగా కదులుతుంది. కానీ ఏడాది గడిచాక వంకర ఎంత సరైంది, నడక ఎలా ఉంది అని చూస్తే, బాగా చేసిన రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించదు. ఆ మొదటి వారాల సౌకర్యం మీకు ఎంత విలువైనదో, దాన్ని చేసే అనుభవం ఉన్న చెయ్యి మీకు అందుబాటులో ఉందో లేదో చూసుకుని తేల్చుకోవాలి.

"అదే రోజు నడవొచ్చు" అన్న మాట నిజమే, కానీ ఆ నడక మీరు అనుకునే నడక కాదు. అడుగు గట్టిగా, వంగకుండా ఉండే ప్రత్యేకమైన చెప్పు ఇస్తారు. దాంతో మడమ మీద బరువు వేసి బాత్రూమ్ దాకా, మంచం దాకా వెళ్లొచ్చు. మొదటి రెండు వారాలు పాదం గుండె కన్నా ఎత్తులో పెట్టుకుని ఉండాలి. గంటలో ఎక్కువ భాగం అలాగే. కిందికి వేలాడేస్తే నిమిషాల్లో వాచి, నలుపెక్కి, పోటు పెడుతుంది. కట్టును వారానికోసారి డాక్టరే విప్పి, వేలిని సరైన దిక్కులో నిలబెట్టి మళ్లీ కడతారు. అది మీరు ఇంట్లో సడలించకూడదు. ఆ చెప్పు సుమారు 6 వారాలు. ఆ తర్వాత వెడల్పాటి మెత్తటి బూట్లు. కుడి కాలికి ఆపరేషన్ కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా, గట్టిగా బ్రేక్ తొక్కగలిగేదాకా బండి నడపకూడదు. కూర్చుని చేసే పనైతే రెండు, మూడు వారాల్లో మొదలుపెట్టొచ్చు. మీది నిలబడే ఉద్యోగం, రెండు నుంచి మూడు నెలలు సెలవు చూసుకోండి. పొడుగు సెలవులకు ముందు పెట్టుకోగలిగితే మంచిది. సాయంత్రానికి కాస్త వాచడం ఆరు నెలల దాకా, కొందరికి ఏడాది దాకా ఉంటుంది. ఇవన్నీ ముందే చెప్పకపోతే, రెండో నెలలో వాపు చూసి ఆపరేషన్ చెడిపోయిందని పేషెంట్లు కుమిలిపోతారు.

షుగర్ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ కుదరదనేం లేదు. గాట్లు చిన్నవి కావడం మీకు ఒకరకంగా మేలే, చర్మం మానాల్సిన చోటు తక్కువ. కానీ మూడు పరీక్షలు కాకుండా ఎవరూ మీ పాదం మీద కత్తి పెట్టకూడదు. మొదటిది హెచ్‌బీఏ1సీ, గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష. అది 8 లోపు ఉండాలని చాలామంది సర్జన్లు చూస్తారు. రెండోది రక్త ప్రసరణ. పాదం మీద, చీలమండ వెనక నాడి బాగా తగులుతోందో లేదో చూడాలి, అనుమానం ఉంటే రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ పరీక్ష చేయాలి. మూడోది స్పర్శ. సన్నటి నైలాన్ దారంతో అరికాల్లో తాకి, మీకు తెలుస్తోందో లేదో చూస్తారు. స్పర్శ పోయిన పాదంలో ఎముక కోస్తే, అతకకముందే దాని మీద బరువు వేసేస్తారు, నొప్పి తెలియదు కాబట్టి. మీ ఇంట్లో ఎవరికైనా షుగర్‌తో వేలి కొస మీద పుండు పడి మానకుండా ఉంటే ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి: ముడుచుకున్న వేలి స్నాయువును చిన్న గాటుతో వదులు చేయడం అలాంటి పుండ్లకు మంచి వైద్యం, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. పొగ తాగేవాళ్లకు ఎముక అతకడం ఆలస్యమవుతుంది. మీకు ఆ బెడద లేదనుకుంటాను.

రెండు కాళ్లూ ఒకేసారి చేస్తారా అంటే, చేసేవాళ్లు ఉన్నారు, కుదురుతుంది కూడా. మీకు నేను వద్దనే అంటాను. కుడి పాదంలో బొటనవేలితో పాటు మిగతా వేళ్ల పనీ ఉంది, షుగర్ ఉంది. ఆనుకోవడానికి ఒక మంచి కాలు మిగలాలి. ముందు బాధ ఎక్కువున్న కుడిది చేయించుకోండి. ఎడమది కనీసం మూడు నెలల తర్వాత ఆలోచించండి. కుడిది బాగయ్యాక, వెడల్పు బూట్లతో ఎడమకాలు సర్దుకుందని రెండోది చేయించుకోనివాళ్లు చాలామంది ఉన్నారు.

మళ్లీ వంకర వచ్చే అవకాశం ఉంది. ఏ పద్ధతీ దానికి అతీతం కాదు. మొదట్లో వంకర చాలా ఎక్కువ ఉన్నవాళ్లలో, కీళ్లు మరీ వదులుగా ఉన్నవాళ్లలో, ఆపరేషన్లో కోణం పూర్తిగా సరిచేయని వాళ్లలో ఎక్కువగా తిరగబెడుతుంది. మెటాటార్సల్ మొదట్లో కీలు బాగా ఆడుతుంటే, ఆ కీలునే అతికించేసే లాపిడస్ అనే ఆపరేషన్ మేలు. అలాగే బొటనవేలి కీలే అరిగిపోయి ఉంటే వేలిని జరిపి లాభం లేదు, నొప్పి అలాగే ఉంటుంది. అప్పుడు ఆ కీలును అతికించడమే సరైన దారి. రెండో డాక్టరుగారు మీ ఎక్స్‌రేలో ఇలాంటిదేమైనా చూసి కోసి చేద్దామన్నారేమో కనుక్కోండి.

మిగతా ఇబ్బందులు: వేలి పైన చర్మం మొద్దుబారడం, అక్కడ పోయే సన్నటి నరానికి బర్ తగలడం వల్ల. స్క్రూ తల చర్మం కింద గుచ్చుకోవడం, అప్పుడు ఎముక అతికాక దాన్ని తీసేస్తారు. కీలు బిగుసుకుపోవడం, ఇన్‌ఫెక్షన్, ఎముక ఆలస్యంగా అతకడం, వేలు మరీ ఎదురు దిక్కుకు తిరిగిపోవడం. పిక్కలో రక్తం గడ్డకట్టడం అరుదే కానీ ప్రమాదం. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెట్టినా, ఊపిరి అందకపోయినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం, గాటులోంచి చీము, పెరుగుతూ పోయే నొప్పి ఉంటే కూడా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకండి.

ఇక మీ అమ్మాయి. ఇది కుటుంబాల్లో వస్తుంది కాబట్టి తనకీ ఉండటంలో ఆశ్చర్యం లేదు, అందులో మీ తప్పేమీ లేదు. 14 ఏళ్లకు పాదం ఎముకలు ఇంకా ఎదుగుతూ ఉండొచ్చు. ఆ వయసులో చేస్తే తిరగబెట్టే అవకాశం పెద్దవాళ్ల కన్నా ఎక్కువ. కాబట్టి భరించలేని నొప్పి ఉంటే తప్ప ఎదుగుదల ఆగేదాకా ఆగడమే మంచిది. నిలబడి తీసిన ఎక్స్‌రే ఒకటి ఇప్పుడు తీయించి దాచిపెట్టండి. ఏడాది తర్వాత అలాగే ఇంకోటి తీయించి పక్కపక్కన పెట్టి చూపిస్తే, కోణం పెరుగుతోందో నిలకడగా ఉందో మీ డాక్టరుగారు చెబుతారు. ఈలోగా తన పాదానికి కూడా కాగితం మీద గీత గీసి, బూట్లు దాని మీద పెట్టి చూడండి.